తూకం తప్పిన గోడ: ఒక తాపీ మేస్త్రి కేసు

కేసు ఫైళ్లలో పేషెంట్‌ని ‘అతను’ అని రాయడం మాకు అలవాటు. ఈ కేసులో ఆ అలవాటు పక్కన పెట్టాను. ఆయన్ని ‘ఆయన’ అనే రాస్తాను. పేరు బదులు, పని దగ్గర అందరూ పిలిచినట్టే ‘మేస్త్రి’ అంటాను. పిలుపుల మీద ఇంత పట్టింపు ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది. రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. నేను సైకాలజిస్టుని, నెల్లూరు జిల్లాలో పనిచేస్తాను. మందులూ అడ్మిషనూ చూసింది సైకియాట్రిస్టు.

వచ్చిన రోజు

2023 ఫిబ్రవరి. మేస్త్రికి 43 ఏళ్లు. తీసుకొచ్చింది భార్య. అంతకు ముందు వారం ఒక రాత్రి ఆమె టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి, అంటే 14416కి ఫోన్ చేసింది. వాళ్లు తెలుగులోనే మాట్లాడి, మనిషిని ఉన్నట్టుండి మాన్పించొద్దు, ముందు డాక్టర్‌కి చూపించండి అని చెప్పారట. ఆ ఒక్క మాట ఎంత పెద్ద ప్రమాదం తప్పించిందో తర్వాత తెలిసింది.

ఆమె కూర్చుంటూనే అన్న మాట: “ఈడితో ఏగలేకపోతుండా మేడమ్.” పక్కనున్న మనిషి తల ఎత్తలేదు. ఇంటర్ చదివే కూతురు కూడా వచ్చింది. ఆమెని అడిగితే, “ఆయనకి పొద్దున్నే కావాల” అంది. నాయన అనలేదు. మేస్త్రిని మీ గురించి చెప్పండి అన్నాను. “ఏముంది మేడమ్, తాగుబోతోణ్ణి” అన్నారు. ఫైలు మార్జిన్‌లో మూడు మాటలు రాసుకున్నాను: భార్య – ఈడు. కూతురు – ఆయన. తనకి తాను – తాగుబోతు. అప్పటికి అది ఊరికే రాసుకున్నదే. ఈ కేసులో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన కొలత అదే అవుతుందని అనుకోలేదు.

తాగుడు లెక్క అడిగితే రోజుకి “రెండే” అన్నారు. రెండు క్వార్టర్లు. మన దగ్గర దొరికే విస్కీ, బ్రాందీల్లో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో దాదాపు 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఒక డ్రింక్ అంటే 10 గ్రాములు. రెండే అన్నది పన్నెండు డ్రింకులన్న మాట. కాగితం మీద వేసి చూపిస్తే భార్య కన్నా ఆయనే ఎక్కువ కంగారు పడ్డారు. ఇళ్లలో సీసాల లెక్క తెలుస్తుంది గానీ గ్రాముల లెక్క ఎవరికీ తెలియదు.

పొద్దున లేవగానే చేతులు వణుకు. “చెయ్యి నిలబడాలంటే నైంటీ పడాల. పడకపోతే తాపీ పట్టలేను.” నైంటీ పడ్డాకే ఇటుక పేర్చేది. ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్షలో 40కి 31 వచ్చింది. 20 వస్తేనే బానిసత్వం దాకా వెళ్లి ఉండవచ్చని అనుమానిస్తాం.

వెనకటి సంగతి

మేస్త్రి తండ్రి సారా తాగి పోయినవాడు. తల్లి 1992లో, దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం జిల్లా అంతా పాకినప్పుడు, వాళ్ల ఊళ్లో సారా పాకెట్లు తగలబెట్టిన ఆడవాళ్లలో ఒకరు. సారా వేలంపాట జరగనివ్వకుండా రోడ్డు మీద కూర్చున్న గుంపులో తల్లి కొంగు పట్టుకుని తనూ ఉన్నానని మేస్త్రి చెప్పారు. అప్పటికి పన్నెండేళ్లు. మరుసటి ఏడాది అక్టోబరులో ప్రభుత్వం సారా ఆపింది. 1995లో మొత్తం మద్యమే నిషేధించింది, 1997లో ఎత్తేసింది.

ఆయన మొదటిసారి తాగింది ఆ నిషేధం మధ్యలోనే, 1996లో. ఇసుక మోసే కుర్రాడిగా పనికి పోతున్న రోజులు. స్లాబ్ పోసిన సాయంత్రం ఇంటి ఓనరు పనివాళ్లకి వేటమాంసం పెట్టించాడు. తమిళనాడు సరిహద్దు దాటొచ్చిన సీసా ఒకటి తిరిగింది. “ఆ రోజే నన్ను పెద్దోళ్లలో కూర్చోబెట్టినారు మేడమ్.” పదహారేళ్ల కుర్రాడికి దొరికిన మొదటి మర్యాద ఆ గ్లాసుతో కలిసి వచ్చింది. కట్టడం పనిలో స్లాబ్ రోజు మందు ఇవ్వడం ఓనర్లకి ఇప్పటికీ ఒక ఆనవాయితీ. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

మందుల పని

రెండేళ్ల కింద ఒకసారి జ్వరం వచ్చి రెండు రోజులు తాగకపోతే ఫిట్స్ వచ్చాయట. ఆ మాట వినగానే ఇంటి దగ్గర మాన్పించే ఆలోచన వదిలేశాం. రోజూ తాగే శరీరం ఉన్నట్టుండి ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు డెలీరియం రావచ్చు. లేని మనుషులు కనపడతారు, పురుగులు పాకినట్టు ఉంటుంది, ఒళ్లు కాలిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. ‘మొండిగా ఉంటే మూడు రోజుల్లో అదే సర్దుకుంటుంది’ అనే చుట్టాల సలహా వల్ల ఆస్పత్రికి ఆలస్యంగా వచ్చినవాళ్లని చూశాను.

అడ్మిట్ చేసిన సాయంత్రానికే వణుకు, చెమటలు పెరిగాయి. లివర్ పరీక్షలు బాగా లేకపోవడంతో డాక్టర్ వణుకూ ఫిట్సూ రాకుండా చూసే లోరాజెపామ్ అనే మందు ఎంచుకుని, రోజురోజుకీ తగ్గించుకుంటూ వచ్చారు. అంతకన్నా ముందు బి1 విటమిన్ (థయమిన్) ఇంజెక్షన్లు. దీని గురించి ఒక మాట. ఊళ్లో తాగి పడిపోయినవాళ్లకి ముందుగా గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తుంటారు. బి1 ఖాళీ అయిన మనిషికి అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు నిలవదు, నడక తూలుతుంది, మనిషి అయోమయంగా ఉంటాడు. చూసేవాళ్లు ‘ఇంకా దిగలేదు’ అనుకుంటారు.

భార్య మూడో రోజు నన్ను పక్కకి పిలిచి ఒక సంగతి చెప్పింది. ఏడాది కింద ఎవరో ఇచ్చిన ‘మాన్పించే పొడి’ కూరలో కలిపి పెట్టిందట. ఆ రాత్రి ఆయన తాగి వచ్చి ఒళ్లంతా ఎర్రబడి, వాంతులు చేసుకుని, బీపీ పడిపోయి ఆస్పత్రి పాలయ్యారు. ఆ పొడి చాలా వరకు డైసల్ఫిరామ్ అయ్యుంటుంది, అది వేసుకుని తాగితే ఒళ్లు ఇట్లాగే తిరగబడుతుంది. మంచి మందే, కానీ మనిషికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు. తెలియకుండా పెడితే అది విషంతో సమానం. మేస్త్రికి సంగతి అప్పుడే తెలిసిపోయింది. అప్పటినుంచి ఇంట్లో కూర ముట్టుకోలేదు, బయటే తిన్నారు. ఇంట్లో నమ్మకం పోయిందని భార్య అన్నప్పుడల్లా అది రెండు వైపులా పోయిందని నేను గుర్తుంచుకోవాల్సి వచ్చింది.

డిశ్చార్జి అయ్యేటప్పుడు డైసల్ఫిరామ్ వద్దనుకున్నారు. లివర్ వల్ల, తాగుడు తగ్గించడానికి ఇచ్చే నాల్‌ట్రెక్సోన్ కూడా వద్దన్నారు. కిడ్నీలు బాగుండటంతో యావ తగ్గించే అకాంప్రోసేట్ రాశారు, పూటకి రెండు చొప్పున మూడు పూటలు. పదో రోజున చెయ్యి వణకలేదు.

చాలామంది కథ ఇక్కడే ఆగిపోతుంది. నిజానికి ఇక్కడిదాకా రావడమే అరుదు. 2019లో వచ్చిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. అందినవాళ్లలో కూడా పది రోజుల తర్వాత మళ్లీ మొహం చూపించేవాళ్లు తక్కువ. వణుకు పోగానే జబ్బు పోయిందనుకుంటారు.

నేను తప్పు చదివిన కాగితం

రెండో వారంలో రోజెన్‌బర్గ్ స్కేల్ ఇచ్చాను. 1965 నుంచి వాడుతున్న పది వాక్యాల ప్రశ్నావళి ఇది, మనిషి తనకి తాను ఎంత విలువ ఇచ్చుకుంటున్నాడో కొలవడానికి. 30కి 7 వచ్చింది, బాగా తక్కువ. డిప్రెషన్ మార్కు 27కి 16, ఇది పెరిగేకొద్దీ దిగులు ఎక్కువని అర్థం. చచ్చిపోవాలనిపించిందా అని నేరుగానే అడిగాను. అడిగితే ఆలోచన పుడుతుందని భయపడేవాళ్లున్నారు, అది నిజం కాదు. అనిపించిందన్నారు. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలు అన్నగారింటికి పంపించాం. డిప్రెషన్‌కి మాత్రం వెంటనే మందు మొదలుపెట్టలేదు. తాగుడు తెచ్చిన దిగులు చాలామందిలో నాలుగు వారాలు మానితే దానంతటదే దిగుతుంది. రోజూ కనిపెట్టుకుని ఉండగలిగే మనుషులు ఇంట్లో ఉన్నారు కాబట్టి ఆగాం. ఐదో వారానికి 8కి దిగింది.

కానీ ఆ 7 అట్లాగే ఉంది. నేను శిక్షణలో నేర్చుకున్న పనే చేశాను. ఒక తెల్ల కాగితం ఇచ్చి, మీలో ఉన్న మంచి గుణాలు పది రాసుకురండి అన్నాను. వారం తర్వాత కాగితం ఖాళీగా తెచ్చారు. ఇంకో వారం ఇచ్చాను. మళ్లీ ఖాళీ. ఈసారి కొంచెం గట్టిగానే, ప్రయత్నం చేయాలి కదా మేస్త్రీ అన్నాను. ఆయన సిగ్గుతో ముడుచుకుపోయారు. సెషన్ అయ్యాక ఫైల్లో పెడుతూ కాగితం వెనక్కి తిప్పితే, అక్కడ పెన్సిలుతో ఒక కాంపౌండ్ గోడ కొలతలు, ఎన్ని ఇటుకలు, ఎన్ని బస్తాల సిమెంటు, ఎన్ని రోజులు, అంతా లెక్క. పక్కింటివాళ్లు అడిగితే వేసిచ్చారట. నేను అడిగిన జవాబు వెనక పేజీలో ఉంది. నేను ముందు పేజీ చూసి తిట్టాను.

‘నేను మంచివాణ్ణి’ అని అద్దంలో చూసి చెప్పుకునే పద్ధతులు కొందరికి పనిచేస్తాయేమో. ఇరవై ఏళ్లుగా ఇంట్లో, వీధిలో ఇంకో మాట వింటున్న మనిషికి అది అబద్ధంలా వినపడుతుంది. పైగా ‘ఆత్మగౌరవం’ అన్నది మనకి మైకుల్లో వినపడే మాట. నెల్లూరు పల్లెలో ఎవరూ తన గురించి ఆ మాట వాడరు. మేస్త్రి వాడిన మాట వేరే: “నాకు ఇలువ లేదు మేడమ్.” విలువ ఒకరు ఇచ్చేది, ఒకరు కట్టేది. అది కాగితం మీద తనకి తాను వేసుకునే మార్కు కాదని ఆయనకి తెలుసు, నాకే తెలియలేదు.

తర్వాతి సెషన్‌లో కాగితం ఊసు ఎత్తలేదు. మాటలు సాగక ఇద్దరం ఊరికే కూర్చున్నాం. ఆయన నా వెనక గోడ వైపు చాలాసేపు చూసి, “ఈ గోడ తూకం తప్పింది” అన్నారు. నాకు తిన్నగానే కనిపించింది. లేచి, మూలలో నిలబడి, ఒక కన్ను మూసి, “పైన అంగుళం పైనే బయటికొచ్చింది. తూకం గుండు ఏసినోడు కట్టలేదు. ప్లాస్టరింగ్‌లో కప్పెట్టినారు” అన్నారు. అప్పటిదాకా ఆ గదిలో ఆయన గొంతు అంత స్పష్టంగా వినలేదు. మీరైతే ఎట్లా కడతారు అని అడిగితే ఇరవై నిమిషాలు చెప్పారు. రసమట్టం ఎక్కడ పెట్టాలి, దారం ఎంత బిగువుగా లాగాలి, ఇటుక ఎందుకు ముందు రోజే తడపాలి. నేను శిష్యురాలిలా విన్నాను. మార్జిన్‌లో రాసుకున్నాను: తనకి తాను – మేస్త్రి.

తలకొరివి

ఆ మాటల తర్వాతే అసలుది బయటికొచ్చింది. తల్లి 2016లో పోయింది. సారా పాకెట్లు తగలబెట్టిన ఆ తల్లికి తలకొరివి పెట్టే వేళ కొడుకు నిలబడలేనంత తాగి ఉన్నాడు. అక్క మొగుడు చెయ్యి పట్టుకుని పెట్టించాడు. ఆ సంగతి ఊరంతా చూసింది. అక్క ఆ రోజు నుంచి మాట్లాడలేదు. ఆయన చెప్పిన మాట ఒకటి యథాతథంగా రాస్తాను: “గుర్తొస్తే తాగుతా. తాగితే మళ్లీ అదే గుర్తొస్తది.”

ఇక్కడ రెండు వేరు వేరు బాధల్ని విడదీయాల్సి వచ్చింది. తప్పు పని చేశానన్నది ఒకటి. నేనే తప్పుడు మనిషినన్నది ఇంకొకటి. మొదటిదానికి చేయగలిగింది ఉంటుంది: ఒప్పుకోవచ్చు, సరిదిద్దుకోవచ్చు. రెండోదానికి దాక్కోవడం తప్ప దారి లేదు, దాక్కోవడానికి సీసా ఉంది. చాలా సెషన్లు ఈ ఒక్క గీత మీదే నడిచాయి. గోడ వంకర పోతే మేస్త్రిని కూలగొట్టరు, ఆ వరస విప్పి మళ్లీ కడతారు అని ఒకసారి నేను అన్నాను. ఆయన నవ్వి, “విప్పినోడికి కూలి ఎవరిస్తారు మేడమ్?” అన్నారు. పోలిక నాది, లోటు చూపింది ఆయన. సరిదిద్దుకోవడానికి కూడా ఖర్చవుతుంది, అది ఎవరో ఒకరు భరించాలి.

ఏప్రిల్‌లో ఆయన అక్క ఊరు వెళ్లి, కూలిపోయిన కొట్టం గోడ మూడు రోజుల్లో కట్టి వచ్చారు. క్షమించమని అడగలేదు. ఆమె గోడ కట్టించుకుంది, మూడు రోజులూ అన్నం పెట్టింది, మాట్లాడలేదు. ఆయన దాన్ని ఓటమి అనుకోలేదు. నేను మాత్రం కొంచెం నిరాశపడ్డాను.

ఇంట్లో వాసన, చేతిలో డబ్బు

ఇంట్లో రోజూ సాయంత్రం ఆయన రాగానే కూతురు దగ్గరికొచ్చి వాసన చూడాలి. ఆ డ్యూటీ తల్లి వేసింది. భయం వల్లే వేసింది, తప్పు పట్టలేను. కానీ పదిహేడేళ్ల పిల్లని తండ్రి నోటి దగ్గర పోలీసుని చేస్తే ఇద్దరిలో ఎవరికీ మర్యాద మిగలదు. దాన్ని ఆపించాను. బదులుగా క్లినిక్‌కి వచ్చినప్పుడు బ్రెత్ అనలైజర్‌లో ఊదడం, పొద్దున టాబ్లెట్లు భార్య ఎదురుగా వేసుకోవడం. ఆమె ఒప్పుకోవడానికి మూడు సార్లు మాట్లాడాల్సి వచ్చింది.

డబ్బు ఇంకా కష్టమైంది. కాంట్రాక్టరు వారం కూలి నేరుగా భార్య ఫోన్‌పేకి కొట్టేవాడు. డ్వాక్రా అప్పు కిస్తీ తప్పకుండా కట్టగలిగింది దానివల్లే. “నా కష్టం నా చేతికి రావట్లేదు” అని ఆయన మొదటిసారి అన్నది రెండో నెలలో. అందరూ భయపడ్డారు, నేనూ భయపడ్డాను. చివరికి రోజుకి 200 ఆయన చేతికి, లెక్క ఎవరూ అడగకూడదు అని కుదిరింది. భార్యకి ఇది ఇష్టం లేదు, నా మొహం చూసి ఊరుకుంది.

ఇదే సమయంలో పట్టణంలో ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగ్‌కి పోవడం మొదలుపెట్టారు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు సాయం చేసుకోవడంతో పుట్టిన సంఘం ఇది. డాక్టర్లుండరు, ఫీజుండదు. మొదటి రెండు సార్లు వెనక బెంచీలో కూర్చుని వచ్చేశారు. మూడోసారి టీ పెట్టే పని అప్పగించారట. ఇక మానలేదు. మానడానికి ఆ సంఘం చెప్పే పన్నెండు మెట్ల గురించి నేను అడిగితే, “అవి ఇంకా తెలీదు మేడమ్, టీకి నేను లేకపోతే కుదరదు” అన్నారు.

స్లాబ్ రోజు

మానిన 97వ రోజు, మే నెలలో, ఒక స్లాబ్. సాయంత్రం ఓనరు మందు తెచ్చాడు. ముందే ఈ సంగతి మాట్లాడుకున్నాం: పోత అయిపోగానే వచ్చేయాలి, విందుకి కూర్చోకూడదు. కానీ ఆ పనికి హెడ్ మేస్త్రి ఆయనే. హెడ్ మేస్త్రి విందుకి కూర్చోకపోతే ఓనరుని అవమానించినట్టు. ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన మర్యాదే ఆయన్ని ఆ చాప మీద కూర్చోబెట్టింది. ఇది నేను ముందే చూడాల్సింది. విలువ పెరిగితే ప్రమాదం తగ్గుతుందనే లెక్కలో ఉన్నాను.

ఒక గ్లాసుతో మొదలై ఆ రాత్రీ, మరుసటి రోజూ తాగారు. ఒక్కసారి జారితే ఇక అంతా పోయిందనుకుని మనిషి పూర్తిగా తాగుడులోకి పోవడాన్ని మార్లట్, గోర్డన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1985లో వివరంగా రాశారు. మనకి దానికి సామెత ఎప్పటినుంచో ఉంది: మునిగినవాడికి చలేమిటి.

మూడో రోజు పొద్దున ఎనిమిదింటికి క్లినిక్ తలుపు తీసేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఒంటరిగా బస్సెక్కి వచ్చారు. “97 రోజులూ పోయినాయి” అన్నారు. పోలేదన్నాను. 97 రోజులు పని చేసిన చెయ్యి రెండు రోజులు ఆగింది, అంతే. ఇంతకు ముందు తాగినప్పుడు మూడో రోజు మీరు ఎక్కడ ఉండేవారు అని అడిగాను. సమాధానం ఇద్దరికీ తెలుసు. డాక్టర్ చూసి రెండు రోజులు అబ్జర్వేషన్‌లో పెట్టారు, ఫిట్స్ రాలేదు.

భార్యతో మాట్లాడటమే ఎక్కువ కష్టమైంది. ఆమె ఏడవలేదు, అరవలేదు. “200 ఇమ్మన్నది మీరే” అంది. నిజమే. ఆ డబ్బుతో తాగలేదని చెప్పొచ్చు, అది ఓనరు తెచ్చిన మందని చెప్పొచ్చు. చెప్పలేదు. నా తొందర కూడా ఉంది అన్నాను. ఆ తర్వాతే ఆమె నాతో మనసు విప్పి మాట్లాడింది. తన నిద్ర గురించి, తన తలనొప్పుల గురించి. అప్పటిదాకా నేను ఆమెని ఆయన కేసులో సహాయకురాలిగానే చూశాను. ఆమెకి వేరే కౌన్సెలర్‌ని ఏర్పాటు చేశాం, ఇది మొదటి వారమే చేయాల్సిన పని.

కొత్త ఏర్పాటు ఆయనే ఆలోచించారు: స్లాబ్ ఒప్పుకునేటప్పుడే ఓనరుకి, “నేను మందు ముట్టను, నాకు బదులు పిల్లలకి బిరియానీ పొట్లాలు ఇంటికి పంపండి” అని చెప్పడం. విందులో కూర్చుని వద్దనడం కన్నా పని ఒప్పుకునేటప్పుడు చెప్పడం సులువు. అప్పుడు అది హెడ్ మేస్త్రి పెట్టిన షరతు, తాగుబోతు చెప్పే సాకు కాదు. ఒకరిద్దరు ఓనర్లు నవ్వారట. పొట్లాలు మాత్రం పంపారు.

14 నెలలకి

2024 ఏప్రిల్ నాటికి ఆ స్లాబ్ తర్వాత మళ్లీ తాగలేదు. లివర్ పరీక్షలు దాదాపు మామూలుకి వచ్చాయి. అకాంప్రోసేట్ ఏడాది తర్వాత ఆపారు. రోజెన్‌బర్గ్ 7 నుంచి 19 అయింది.

నా మార్జిన్ లెక్క ఇది. కూలీలు ముందు ‘తాగుబోతు మేస్త్రి’ అనేవాళ్లు, ఇప్పుడు ఉత్త మేస్త్రి. భార్య ఆరో నెలలో ఒక రోజు ఫోన్‌లో, “మా ఆయన పనికి పోయినాడు” అంది. అలా అన్నట్టు ఆమే గమనించలేదు. కొడుకు ‘నాయనా’ అని పిలుస్తున్నాడు. కూతురు ఏమీ పిలవదు. ఎదురుగా ఉంటే నేరుగా విషయం చెబుతుంది, లేనప్పుడు ‘ఆయన’ అంటుంది. ఆమెకి 18 నిండాయి. తొందరపెట్టే హక్కు నాకు గానీ ఆయనకి గానీ లేదు. మీరు అడిగారా అంటే, “అడగను మేడమ్. అది ఆ బిడ్డ ఇష్టం” అన్నారు.

మొన్న రివ్యూకి తేదీ ఇస్తుంటే, వచ్చే శుక్రవారం కుదరదు, ఆ రోజు స్లాబ్ అన్నారు. ఓనరుకి చెప్పారా అని అడిగాను. చెప్పానన్నారు. గురువారం రమ్మన్నాను.